మంగు మచ్చలకు మూడు మందుల క్రీమ్: పనిచేస్తుంది, కానీ...

బరంపురమైనా పర్లాకిమిడైనా, మందుల షాపులో మంగు మచ్చలనగానే చేతిలో పెట్టే ట్యూబు ఇదే: హైడ్రోక్వినోన్ 2%, ట్రెటినాయిన్ 0.025%, మోమెటసోన్ 0.1%. మచ్చ తగ్గుతుంది, కాదనలేం. అయితే మోమెటసోన్ స్టెరాయిడ్. పౌడరు రాసుకున్నట్టు నెలల తరబడి రాస్తే చర్మం పల్చబడి బుగ్గల మీద సన్నని ఎర్ర నరాలు తేలతాయి, నూగు పెరుగుతుంది, మానేస్తే మంట. డాక్టరు చీటీ ఉంటేనే కొనండి. రాత్రి మాత్రమే, ముఖం కడిగి బాగా ఆరాక, మచ్చ మీదే పల్చగా. మామూలుగా 8 వారాలు దాటనివ్వరు. గర్భిణులకు వద్దు.

పగలు సన్‌స్క్రీన్ రాయకపోతే ట్యూబు డబ్బులు దండగ. ఎస్పీఎఫ్ 50ది, రెండు వేళ్ల పొడవున. ఎండలో తిరిగితే 2 గంటలకోసారి. ఐరన్ ఆక్సైడ్ కలిపిన రంగుదైతే మరీ మంచిది, కంటికి కనిపించే వెలుతురుకీ మంగు ముదురుతుంది.