కిట్టా, తెరా, ఇంటి వస్తువులా: ప్రాథమిక తరగతుల సైన్సుకు ఏది మేలు?

ప్రాథమిక పాఠశాలలో సైన్సు సామగ్రికని కాస్త డబ్బు చేతికొస్తే టీచర్ల మధ్య మొదలయ్యే చర్చ ఒకటే. రెడీమేడ్ కిట్టు కొందామా? ఉన్న స్మార్ట్ టీవీలో వీడియో పాఠాలు వేద్దామా? పిల్లలు ఇంటి నుంచి తెచ్చే సీసాలు, గింజలు, దారాలతోనే నెట్టుకొద్దామా? పిల్లలకు పుట్టినరోజు కానుక కొనే తల్లిదండ్రులకూ ఇదే సందేహం. ప్రాథమిక తరగతులకు పాఠాలు చెప్పే మనిషిగా నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మూడు నుంచి ఐదో తరగతి వరకు ఇంటి వస్తువులదే మొదటి స్థానం. కిట్టులోని కొన్ని పరికరాలకు మాత్రం ప్రత్యామ్నాయం లేదు, వాటిని విడిగా కొనుక్కోవాలి. తెర వంతు చివర్లో రావాలి.

బల్బు వెలిగించే పాఠాన్నే తీసుకుందాం. కిట్టులో సెల్లుకు ఒక హోల్డరు, బల్బుకు ఒక హోల్డరు, మధ్యలో స్విచ్చు ఉంటాయి. కాగితం మీద బొమ్మ చూసి పిల్లలు తీగలు బిగిస్తారు. అయిదు నిమిషాల్లో బల్బు వెలుగుతుంది, చప్పట్లు కొడతారు. ఆ వెంటనే హోల్డర్లన్నీ తీసేసి, ఒక సెల్లు, ఒక టార్చి బల్బు, ఒకే ఒక్క తీగ ముక్క ఇచ్చి మళ్లీ వెలిగించమనండి. చాలామంది ఆగిపోతారు. బల్బు అడుగున ఉన్న బొడిపె ఒక కొస అనీ, చుట్టూ ఉన్న మరల లోహపు తొడుగు రెండో కొస అనీ వాళ్లకు తెలిసే అవకాశమే రాలేదు. తెలుసుకోవలసిన విషయాన్ని హోల్డరు తనలో దాచేసుకుంది.

హోల్డరు లేకుండానే మొదలుపెడితే పాఠం వేరుగా నడుస్తుంది. బల్బును సెల్లు మీద నిలబెట్టి, వెలగలేదేమని చూస్తారు. తీగను సెల్లు ఒక కొసకు ఆనించి, రెండో కొసను బల్బు బొడిపెకు తగిలిస్తారు. అయినా వెలగదు. గాజు మీద కూడా ఆనించి చూస్తారు. ఈ ప్రయత్నాలన్నింటినీ నోటుపుస్తకంలో రెండు వరుసల్లో బొమ్మలుగా గీయిస్తాను: వెలిగినవి ఒకవైపు, వెలగనివి ఒకవైపు. ఎవరో ఒకరు బల్బు బొడిపెను సెల్లు టోపీ మీద పెట్టి, సెల్లు అడుగు నుంచి వచ్చే తీగను బల్బు పక్కకు తాకిస్తారు. అది వెలిగాక గది మొత్తం ఆ బల్ల చుట్టూ చేరుతుంది. ఆ తర్వాత బల్బును తలకిందులు చేసినా, తీగను అటుదిటు మార్చినా వెలుగుతుందా అని వాళ్లే చూసుకుంటారు. చివరికి వెలిగిన బొమ్మలన్నింటిలో ఉన్నదేమిటని అడిగితే, చుట్టు తిరిగి వచ్చే దారి అని పిల్లల నోటి నుంచే వస్తుంది. వలయం అనే మాట అప్పుడు చెబితే సరిపోతుంది.

ఇదే పాఠం తెర మీద అయితే రంగు చుక్కలు తీగ వెంట పరుగెడతాయి, గొంతు చక్కగా వివరిస్తుంది. వలయం అంటే ఏమిటని అడిగితే పిల్లలు వాక్యం అప్పజెబుతారు. బల్బు వెలిగే బొమ్మ గీయమంటే మాత్రం సెల్లు నుంచి బల్బుకు ఒకే తీగ గీసేవాళ్లు ఎంతోమంది. వాళ్ల తప్పు కాదు. ఇంట్లో టీవీకైనా ఫ్యానుకైనా ఒకే తీగ వెళ్తున్నట్టు కనిపిస్తుంది. రోజూ కంటికి కనిపించే ఆ నమ్మకం వీడియోతో కదలదు. చేత్తో పట్టుకున్న బల్బు వెలగకపోతేనే కదులుతుంది.

ఇక్కడ ఒక ఆచరణ సంగతి. పాతకాలపు టార్చి బల్బులు చాలా ఊళ్లలో ఇప్పుడు దొరకడం లేదు, అంతా ఎల్‌ఈడీలే. తెల్ల ఎల్‌ఈడీ ఒక్క పెన్సిల్ సెల్లుతో వెలగదు, రెండు వరుసగా కలపాలి. అదీ పొడుగు కాలు ప్లస్ వైపు ఉంటేనే. ఆ కొత్త చిక్కు కూడా పాఠమే కాబట్టి నాకు అభ్యంతరం లేదు. కానీ గుండీల్లాంటి చిన్న సెల్లులను పిల్లల చేతికి ఇవ్వకండి, మింగితే ప్రాణాల మీదికి వస్తుంది. ఫోను బ్యాటరీలు, గోడ ప్లగ్గు మాటే వద్దు.

టీచరు బల్ల మీద చేసి చూపించే ప్రయోగం నాలుగో దారి. మన బడుల్లో ఎక్కువగా జరిగేది ఇదే. పళ్లెంలో నీళ్లు పోసి, మధ్యలో కొవ్వొత్తి వెలిగించి, మీద గాజు గ్లాసు బోర్లించడం అందరికీ తెలిసిందే. మంట ఆరుతుంది, నీళ్లు గ్లాసులోకి ఎక్కుతాయి. గాలిలో ఐదో వంతు ఆక్సిజన్ కాబట్టి, అది ఖర్చయిన చోటును నీళ్లు నింపాయని తరతరాలుగా చెబుతున్నాం. ఆ కారణం సరైనది కాదు. మంటకు గ్లాసులోని గాలి వేడెక్కి వ్యాకోచిస్తుంది, కొంత బయటికి పోతుంది. మంట ఆరాక మిగిలిన గాలి చల్లబడి ముడుచుకుంటుంది, బయటి గాలి ఒత్తిడి నీళ్లను లోపలికి నెడుతుంది. పైగా ఆక్సిజన్ అంతా అయిపోకముందే మంట ఆరిపోతుంది.

ఒకసారి చూపించి వదిలేస్తే ఈ పొరపాటు ఎవరికీ పట్టుబడదు. గుంపుకు ఒక పళ్లెం ఇచ్చి, అదే గ్లాసు కింద ఒక కొవ్వొత్తితో, తర్వాత రెండింటితో, ఆ తర్వాత మూడింటితో చేయనిస్తే పట్టుబడుతుంది. కొవ్వొత్తులు పెరిగేకొద్దీ నీళ్లు ఇంకా పైకి ఎక్కుతాయి. గ్లాసు అదే, అందులోని ఆక్సిజనూ అంతే, మరి నీళ్లెందుకు ఎక్కువ వచ్చాయి? శ్రద్ధగా చూసే పిల్లలు ఇంకో సంగతి కూడా చెబుతారు: నీళ్లు మంట మండుతున్నప్పుడు మెల్లగా పెరగలేదు, ఆరాక గబుక్కున ఎక్కాయి. ఐదో తరగతికి గాలి ఒత్తిడి పూర్తిగా అర్థం కానక్కర్లేదు. చెప్పిన కారణానికీ కళ్లతో చూసినదానికీ పొంతన కుదరలేదని గ్రహిస్తే, నా దృష్టిలో ఆ ఏడాది సైన్సు చదువు సార్థకమైనట్టే. అగ్గిపుల్ల గీసే పని మాత్రం టీచరుదే. వదులు దుస్తులు, విరబోసిన జుట్టు ముందే చూసుకోవాలి.

కిట్టుల సంగతికి వస్తే మనకు పాత అనుభవం ఉంది. 1986 జాతీయ విద్యా విధానం తర్వాత 1987లో మొదలైన ఆపరేషన్ బ్లాక్‌బోర్డు పథకం కింద ప్రాథమిక పాఠశాలలకు సైన్సు కిట్టులు కూడా ఇచ్చారు. వాటిలో చాలా కిట్టులు బీరువా దాటి బయటికి రాలేదన్నది పాత టీచర్లందరూ చెప్పే మాట. టీచర్లకు ఆసక్తి లేక కాదు. స్టాకు రిజిస్టరులో ఎక్కిన వస్తువు పగిలితే జవాబు చెప్పుకోవలసింది వాళ్లే. ఒక గదికి ఒకే పెట్టె, దానిలో ఒకే భూతద్దం. పిల్లలు క్యూలో నిలబడి తొంగి చూడడం తప్ప చేయగలిగింది లేదు. పగిలితే పోయిందనుకోగలిగే వస్తువుతోనే చిన్నపిల్లలు స్వేచ్ఛగా పనిచేస్తారు. ఇంటి వస్తువుల అసలు బలం అదే.

మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాలో 1972లో 16 బడుల్లో మొదలైన విజ్ఞాన బోధన కార్యక్రమం ఈ నమ్మకంతోనే నడిచింది. అది ఆరు నుంచి ఎనిమిదో తరగతి వరకు. చవక సామగ్రి, గుంపుల్లో ప్రయోగాలు, టీచర్లకు శిక్షణ, పుస్తకం తెరిచి రాసే పరీక్ష, దానితోపాటు ప్రయోగ పరీక్ష. 1982లో ఏర్పడిన ఏకలవ్య సంస్థ దాన్ని వందలాది బడులకు తీసుకెళ్లింది. 2002లో రాష్ట్ర ప్రభుత్వం ఆపేసింది. అది నడుస్తున్న రోజుల్లోనే, ఐఐటీ కాన్పూర్‌లో చదివిన అరవింద్ గుప్తా ఉద్యోగానికి సెలవు పెట్టి అక్కడికి వెళ్లి, సైకిల్ వాల్వు ట్యూబు, అగ్గిపుల్లలతో ఆకృతులు కట్టించే పద్ధతిని తయారుచేశారు. ఆ వాల్వు ట్యూబు ముక్కలు ఇప్పటికీ సైకిల్ షాపుల్లో దొరుకుతాయి. మన వైపు కుప్పం దగ్గర ప్రాంగణం ఉన్న అగస్త్య ఫౌండేషన్ బండ్లలో ప్రయోగాలను ఊళ్లకు తీసుకెళ్తోంది. బండి వచ్చిన రోజు పిల్లలకు పండగే. అయితే బండి వెళ్లాక మిగతా రోజులకూ ఏదో ఒకటి కావాలి కదా.

చేతికి వస్తువులిచ్చి వదిలేస్తే చాలు, పిల్లలే నేర్చుకుంటారనే వాదనతో మాత్రం నేను ఏకీభవించను. డేవిడ్ క్లార్, మిలెనా నిగమ్ అనే పరిశోధకులు 2004లో ప్రచురించిన అధ్యయనంలో మూడు, నాలుగు తరగతుల పిల్లలకు వాలు బల్లలు, బంతులు ఇచ్చారు. ఒకసారికి ఒకే అంశాన్ని మార్చి పోల్చాలన్న పద్ధతిని ఉదాహరణలతో వివరించినప్పుడు నేర్చుకున్నవాళ్లు, పూర్తిగా సొంతంగా వదిలేసినప్పటి కంటే చాలా ఎక్కువ మంది. రెండు గుంపులకూ వస్తువులు ఒకటే, తేడా పెద్దవాళ్ల మాటలో ఉంది. అందుకే ఏ ప్రయోగమైనా మొదలుపెట్టే ముందు ఏం జరుగుతుందనుకుంటున్నారో పిల్లల చేత రాయిస్తాను, ఏ ఒక్కటి మారుస్తున్నామో బోర్డు మీద రాస్తాను.

చిక్కుడు గింజల ప్రయోగం దీనికి అనువైనది. మూడు గింజలను ఒక పుల్లకు కట్టి గ్లాసులో నిలబెడతాం: ఒకటి నీళ్లలో, ఒకటి నీటి అంచున, ఒకటి పైన పొడిగా. అంచున ఉన్నదే చక్కగా మొలకెత్తాలని పుస్తకం చెబుతుంది. ఒక్కోసారి పైన ఉన్న గింజ కూడా ఉబ్బి మొలకెత్తుతుంది. కట్టిన దారం నీటిని పైకి లాగి ఉంటుంది. అలా జరిగితే తప్పయిందని పారేయకండి. ప్లాస్టిక్ తీగతో కట్టి మళ్లీ పెట్టండి. వీడియోలో ప్రయోగం ఎన్నడూ దారి తప్పదు కాబట్టి పిల్లలు అక్కడ అడగడానికి ఏమీ మిగలదు.

అయినా తెరను తీసి పక్కన పడేయమనను. గుండె కొట్టుకోవడం, అగ్నిపర్వతం, వారం రోజుల మొలకను నిమిషంలో చూపే దృశ్యం ఏ గ్లాసులోనూ చూపించలేం. ఒకరిద్దరు టీచర్లే అయిదు తరగతులు నడిపే బడిలో, ఒక తరగతి వీడియో చూస్తుంటే ఇంకో తరగతితో పళ్లేలు, గ్లాసులు ముందేసుకుని కూర్చోవచ్చు. పాఠ్యపుస్తకాల్లోని క్యూఆర్ కోడ్‌ల వీడియోలూ ఇందుకు పనికొస్తాయి. నేను పట్టుబట్టేది వరుస గురించి. చేసి, గీసి, వాదించుకున్నాక వీడియో వేస్తే పిల్లలు దానిలో తప్పులు కూడా వెతుకుతారు. ముందే వేస్తే జవాబు తెలిసిపోయిందని ప్రయోగాన్ని తూతూమంత్రంగా ముగిస్తారు.

ఇంటి వస్తువులకూ లోటుపాట్లున్నాయి. సేకరించడానికి టీచరు సొంత సమయం పోతుంది, గది తడుస్తుంది, గోల పెరుగుతుంది, పాఠం అనుకున్న పీరియడులో అవదు. వెచ్చదనాన్ని చేత్తో చూసి చెప్పగలం కానీ కొలవలేం. అందుకే చేతిలో డబ్బుంటే పెట్టె కిట్టు వద్దని, గుంపుకొకటి చొప్పున భూతద్దాలు, అయస్కాంతాలు, ఆల్కహాల్ థర్మామీటర్లు కొంటాను. పాదరసం ఉన్నవి వద్దు. అయస్కాంతాన్ని పల్చటి ప్లాస్టిక్ సంచిలో పెట్టి వాగు ఇసుకలో తిప్పితే నల్లటి రేణువులు అంటుకుంటాయి. సంచిని తిరగేసి కాగితం మీద రాల్చుకోవచ్చు. సంచి లేకపోతే ఆ రేణువులను వదిలించడానికే పీరియడంతా పోతుంది.

తల్లిదండ్రులు దుకాణంలో కిట్టు కొనేటట్టయితే పెట్టె మీది బొమ్మ చూడకండి. కాగితంలో చెప్పినవన్నీ చేసేశాక ఆ వస్తువులతో ఇంకేమైనా చేయవచ్చా అని చూడండి. ఒకే బొమ్మ కారుగా మాత్రమే బిగిసే ముక్కలైతే రెండు రోజుల్లో అటకెక్కుతుంది. ఆ డబ్బుతో మంచి భూతద్దం, రెండు అయస్కాంతాలు, సెల్లులు, తీగ, ఒక కొలగ్లాసు వస్తాయి. భూతద్దం చేతికిచ్చేటప్పుడు దానితో సూర్యుడి వైపు చూడకూడదని, ఎండలో కాగితం మీద వదిలేయకూడదని మొదటే గట్టిగా చెప్పండి.