కువైట్ టేప్‌రికార్డరు: బాగుచేసుకుని ఆరేళ్లు వాడాక

2019 సంక్రాంతికి రాజంపేట వెళ్లినప్పుడు అటక మీంచి దాన్ని దించాను. పాత దుప్పట్లో చుట్టి, పక్కన ఇత్తడి బిందె ఆనించి పెట్టారు. 1984లో నాయన కువైట్ నుంచి మొదటిసారి సెలవుకు వచ్చినప్పుడు తెచ్చిన టూ-ఇన్-వన్, అంటే రేడియో, క్యాసెట్ రెండూ ఉన్న సెట్టు. రెండు స్పీకర్లు, మధ్యలో క్యాసెట్ తలుపు, పైన యాంటెన్నా, ఎత్తుకోవడానికి పిడి. ఇప్పుడు వీటిని బూమ్‌బాక్స్ అంటున్నారు గానీ మా ఇంట్లో ఎప్పుడూ టేప్‌రికార్డరే. ఆ రోజుల్లో గల్ఫ్ సూట్‌కేసులతో పాటు నేషనల్ పానసోనిక్, సోనీ, షార్ప్, సాన్యో, ఐవా, ఏదో ఒకటి దిగేది. మాది ఏ కంపెనీదో చెప్పను. ముప్పై అయిదేళ్లకు రబ్బరు కరిగిందని ఎవరి మీదైనా నింద వేస్తే పాపం తగులుతుంది.

బాగుచేయాలన్న పంతం పాటల కోసం కాదు. పాటలు ఫోన్లో ఉన్నాయి. సెట్టుతో పాటు ఒక బిస్కెట్ల డబ్బా, అందులో పదకొండు క్యాసెట్లు దొరికాయి. అవన్నీ ఉత్తరాలు. మా జేజికి చదువు రాదు. కొడుక్కి చెప్పాలనుకున్నదంతా ఈ సెట్టు ముందు కూర్చుని మాట్లాడేది. సెలవు అయిపోయి తిరిగి వెళ్లేవాళ్ల చేతికి ఆ క్యాసెట్ ఇచ్చి పంపేవాళ్లం. నాయన అక్కడ రూములో వేరే సెట్టులో పెట్టుకుని వినేవాడు. 1963లో ఫిలిప్స్ తెచ్చిన ఈ క్యాసెట్ ఏ దేశంలో కొన్నా ఒకటే కొలత, ఒకటే వేగం, సెకనుకు 4.76 సెంటీమీటర్లు. అందుకే రాజంపేటలో నింపింది కువైట్‌లో మోగేది. లెక్క ప్రకారం మోగాలి. ఆ లెక్క ఎక్కడ తప్పిందో తర్వాత చెప్తాను.

హైదరాబాద్ తెచ్చాక ముందు ఒక షాపులో ఇచ్చాను. వారం ఉంచుకుని, "బోర్డు పోయింది సార్, పార్టులు రావు. లోపలంతా తీసేసి బ్లూటూత్ కిట్ పెట్టిస్తా, బ్రహ్మాండంగా మోగుతుంది" అన్నాడు. వద్దని వెనక్కి తెచ్చుకున్నాను. చూస్తే వెనక ఒక స్క్రూ తక్కువ. చివరికి తేలిందేమిటంటే బోర్డుకు ఏమీ కాలేదు. పోయింది రెండు బెల్టులు, ఒక కెపాసిటరు. మిగతాదంతా మురికి. ఈ ఆరేళ్లలో తెలిసినవాళ్లవి ఇంకో నాలుగు సెట్లు విప్పాను. అన్నిట్లోనూ దాదాపు ఇదే కథ. కాబట్టి ఎవరైనా 'బోర్డు పోయింది' అంటే వెంటనే నమ్మకండి.

ప్లగ్గు పెట్టే ముందు వెనక ఉండే ఓల్టేజి స్విచ్చి చూడాలి. గల్ఫ్ సెట్లలో చాలావాటికి 110, 220 మార్చుకునే ఏర్పాటు ఉంటుంది. కువైట్ కరెంటు మనలాగే 240 దగ్గర కాబట్టి మాది 220 మీదే ఉంది. సౌదీలో అప్పట్లో 127 ఓల్టులు కూడా ఉండేది. మా బంధువుల ఇంట్లో సౌదీ సెట్టు ఆ స్విచ్చి మార్చకుండా పెడితే ట్రాన్స్‌ఫార్మరు వాసన వీధి దాకా వచ్చింది.

వెనక ఆరు పొడుగు స్క్రూలు, అందులో ఒకటి సెల్లుల అరలో దాక్కుని ఉంటుంది. మూత తీశాక మెకానిజం బయటికి తీస్తే, బెల్టు ఉండాల్సిన చోట తారు ఉంది. తారు అంటే నిజంగా తారే. మోటారు పుల్లీ నుంచి ఫ్లైవీలు (రీలును నిలకడగా నడిపే బరువైన చక్రం) దాకా నల్లటి జిగురు సాగింది. వేలితో ముట్టుకుంటే వేలికి, వేలి నుంచి చొక్కాకు, చొక్కా నుంచి సోఫాకు. దాన్ని వదిలించడానికి రెండు సాయంత్రాలు, ఒక డబ్బా ఇయర్ బడ్స్, అర లీటరు ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అయ్యాయి. థిన్నరు వాడొద్దు, ప్లాస్టిక్ కరిగిపోతుంది. పుల్లీ గాడిలో నలుసంత జిగురు మిగిలినా కొత్త బెల్టు అక్కడికి వచ్చినప్పుడల్లా ఎగిరి పడుతుంది, పాట వణుకుతుంది. అగ్గిపుల్ల చెక్కి, దానికి దూది చుట్టి గాడంతా తిప్పాను.

ఆత్రం ఆగక బెల్టు బదులు ఆఫీసు రబ్బరు బ్యాండు వేసి చూశాను. మోగింది! గాయకుడు మటుకు పడవలో నిలబడి పాడుతున్నట్టు ఊగాడు. ఆ బ్యాండు మర్నాటికి సాగి జారిపోయింది. తర్వాత కోఠి గుజరాతీ గల్లీలో తిరిగి నలుచదరం అంచున్న బెల్టులు తెచ్చాను. సైజుకు చిట్కా ఒకటే. బెల్టు తిరగాల్సిన దారంతా దారంతో కొలిచి, దానికన్నా నూటికి అయిదు వంతులు తక్కువున్నది తీసుకోవాలి. మరీ బిగువైతే మోటారు బుష్ అరుగుతుంది. వదులైతే రీలు చుట్టుకోదు, క్యాసెట్ లోపలే నలిగి ముద్ద అవుతుంది. మన చిన్నప్పుడు సెట్టు 'రీలు మింగింది' అన్నప్పుడల్లా చాలాసార్లు నేరం క్యాసెట్టుది కాదు, చుట్టే వైపు పట్టు తగ్గడమే.

బెల్టులు వేశాక కుడి స్పీకరు మూగ, ఎడమది గరగర. ఇదిగో, 'బోర్డు పోయింది' అనిపించేది ఇక్కడే. బోర్డు మీద అంగుళం పైన పొడుగుండే ఒక జారుడు స్విచ్చి ఉంటుంది. రికార్డు బటన్ నొక్కితే అది జరిగి, హెడ్డును (రీలుకు ఆనుకుని శబ్దాన్ని చదివే, రాసే ముక్క) వినే పని నుంచి రాసే పనికి మారుస్తుంది. దాంట్లో డజనుకు పైగా కాంటాక్టులు. ముప్పై ఏళ్లు కదలకపోతే అన్నిటికీ చిలుం పడుతుంది. కాంటాక్ట్ క్లీనర్ కొట్టి ముప్పై నలభై సార్లు అటూ ఇటూ జరిపితే రెండు స్పీకర్లూ ఒక్కసారిగా లేచాయి. ఆ క్షణం నేను కేక వేస్తే పక్కింటాయన తలుపు కొట్టి ఏమైందని అడిగాడు. ఇక కరెంటు మీద బుయ్యిమనే హమ్ వస్తోంది, సెల్లుల మీద రావడం లేదు. అంటే కరెంటును చదును చేసే పెద్ద కెపాసిటరు ఎండిపోయిందని అర్థం. అది మార్చడానికి పది నిమిషాలు. ప్లస్, మైనస్ చూసి పెట్టాలి, అంతే.

ఇప్పుడు అసలు సంగతి, నేను చేసిన తప్పు.

హెడ్డు పక్కన స్ప్రింగు పెట్టిన ఒక చిన్న స్క్రూ ఉంటుంది. దాన్ని తిప్పితే హెడ్డు వెంట్రుకవాసి వంగుతుంది. హెడ్డు సందు, రీలు మీద గీసిన గీత ఒకే నిటారులో ఉంటేనే 's' శబ్దాలు, తాళాలు, గజ్జెలు స్పష్టంగా వినిపిస్తాయి. తేడా ఉంటే పాటకు దుప్పటి కప్పినట్టు ఉంటుంది. షాపులో కొన్న ఒక సినిమా క్యాసెట్ పెట్టి, వింటూ తిప్పుతూ, పాట తళతళలాడే దాకా తెచ్చాను. నా పనితనానికి నేనే మురిసిపోయి, అప్పుడు జేజి క్యాసెట్ పెట్టాను. గోడ అవతల ఎవరో గొణుగుతున్నట్టు ఉంది.

కారణం తట్టడానికి ఒక రాత్రి పట్టింది. జేజి మాటలు నింపింది ఈ సెట్టే. 1980లలో ఈ హెడ్డు ఏ వాలులో ఉందో, ఆ వాలులోనే రీలు మీద గీసింది. ఫ్యాక్టరీ లెక్కకు అది తప్పే కావచ్చు. కానీ తను తప్పుగా రాసింది తను అదే తప్పుతో చదివితే స్పష్టంగా ఉంటుంది. నేను దాన్ని సరిచేసి దాని చేతిరాత దానికే అర్థం కాకుండా చేశాను. పైగా తిప్పేముందు స్క్రూ ఎక్కడుందో గుర్తు పెట్టుకోలేదు. జేజి క్యాసెట్ మోగిస్తూ, సూది మొన కదిలినంత కదిలిస్తూ, గంటసేపు వెతికాను. ఎక్కడో ఒకచోట ఆమె "సక్కగా" అన్న మాటలో 'స' ఈల వేసినట్టు పలికింది. అక్కడ ఆపి, మా ఆవిడ నెయిల్ పాలిష్ ఒక చుక్క వేసి స్క్రూను కదలకుండా చేశాను. ఎర్రటి చుక్క ఇప్పటికీ ఉంది. ఈ సెట్టులో సినిమా క్యాసెట్లు కాస్త మందంగానే మోగుతాయి. మోగనీ.

వేగంలోనూ అదే తంటా. మోటారు వెనక చిన్న రంధ్రం, లోపల తిప్పే స్క్రూ ఉంటాయి. 3000 హెర్ట్జ్ శబ్దం నింపిన టెస్ట్ క్యాసెట్ పెట్టి, ఫోన్లో ఫ్రీక్వెన్సీ చూపించే యాప్ తెరిస్తే 3110 చూపించింది. నూటికి మూడున్నర వంతుకు పైగా ఎక్కువ వేగం. తగ్గించి 3000కి తెచ్చాను, పది క్యాసెట్లు బాగున్నాయి. పదకొండోది మొదట్లో మామూలుగానే ఉండి, పోను పోను జేజి గొంతు సన్నబడి, చివరికి చిన్నపిల్ల గొంతైపోయింది. నింపేటప్పుడు సెల్లులు అయిపోతున్నాయన్నమాట. అప్పట్లో మా ఊళ్లో కరెంటు ఎప్పుడు ఉండేది గనక! రీలు నెమ్మదిగా కదులుతుండగా రాసింది, ఇప్పుడు సరైన వేగంతో చదివితే హడావిడిగా వినిపిస్తుంది.

అమ్మను పక్కన కూర్చోబెట్టి, క్యాసెట్ మోగుతుండగానే స్క్రూడ్రైవరుతో మోటారు వేగం కొద్దికొద్దిగా తగ్గించుకుంటూ పోయాను. "నాయనా, బువ్వ సరిగ్గా తింటాండావా? ఎండలో యాడా తిరగాకు..." వెనకాల కోడి కూత, దూరంగా బస్సు హారను. అమ్మ కళ్లు మూసుకుని, "ఇంకొంచెం తగ్గించు అబ్బీ... ఇంకొంచెం... ఆ, ఇప్పుడు మా అత్త" అంది. ఏ యాప్ చెప్పగలదు ఆ మాట? అలా తిప్పుతూనే కంప్యూటరులోకి ఎక్కించాను. తర్వాత మోటారును మళ్లీ 3000 దగ్గర పెట్టేశాను.

ఇక్కడే ఇంకో జాగ్రత్త. విలువైన క్యాసెట్ పెట్టేముందు దాని వెనక అంచున ఉండే చిన్న ప్లాస్టిక్ పలకను విరిచేయండి. అది లేకపోతే రికార్డు బటన్ దిగదు. నేను విరవకుండానే మూడో క్యాసెట్ పెట్టి, ప్లేతో పాటు పక్క బటన్ మీద కూడా వేలు వేశాను. రెండు సెకన్లలో తీసేశాను గానీ ఆ రెండు సెకన్లు పోయినట్టే. కొన్ని క్యాసెట్లలో రీలును హెడ్డుకు నొక్కిపట్టే చిన్న దూది దిండు కూడా జిగురు ఎండి రాలిపోయి ఉంటుంది. పనికిరాని క్యాసెట్ నుంచి తీసి అంటించవచ్చు. రీలు మీద తెల్లటి బూజు కనిపిస్తే మాత్రం అసలు పెట్టకండి, హెడ్డు నుంచి మిగతా అన్నిటికీ అంటుతుంది.

ఆరేళ్ల వాడకం మీద నా మాట. రోజూ కాకపోయినా వారానికి నాలుగైదు గంటలు మోగుతోంది. మొదట వేసిన బెల్టు నాలుగేళ్లు వచ్చింది. వణుకు మొదలవగానే మార్చాను. ఆ జారుడు స్విచ్చి ప్రతి వానాకాలం గరగరమంటుంది, పదిసార్లు రికార్డు బటన్ నొక్కి వదిలితే (ఖాళీ క్యాసెట్ పెట్టి సుమా) సర్దుకుంటుంది. నెలకోసారి హెడ్డు, రీలును నొక్కి నడిపే రబ్బరు చక్రం పించ్ రోలరు తుడవాలి. దూదికి అంటే గోధుమ రంగు పొడి చూస్తే ఎందుకు తుడవాలో అర్థమవుతుంది. నూనె విషయంలో మటుకు చేయి బిగపట్టాలి. తిరిగే కడ్డీ మొదట్లో కుట్టు మిషన్ నూనె ఒక్క చుక్క చాలు. బెల్టుకు అంటిందా, మళ్లీ మొదటికి. ఒకరి సెట్టులో కొబ్బరి నూనె పోసి ఉండటం కూడా చూశాను!

సెల్లుల మీద నడపడం ఖర్చుతో కూడిన ముచ్చట. లావు సెల్లులు ఆరు పడతాయి, తీసి పెట్టడం మరిచిపోతే కారి స్ప్రింగులు తినేస్తాయి. 9 ఓల్టుల అడాప్టరు కొంటే తలకిందులు కావచ్చు. చాలా పాత జపాన్ సెట్లలో లోపలి పిన్ను మైనస్, ఇప్పుడొచ్చే అడాప్టర్లలో ఎక్కువగా ప్లస్. పెట్టేముందు గుర్తు చూసుకోండి. రేడియోలో ఎఫ్ఎం చక్కగా పలుకుతుంది, వివిధ భారతి 102.8 దగ్గర ముల్లు ఉంచేశాను. మీడియం వేవ్‌ను ఇంట్లో ఎల్ఈడీ బల్బులు బతకనివ్వడం లేదు. అవన్నీ ఆర్పితే హైదరాబాద్ 738 మీద వస్తుంది, చీకట్లో కూర్చోవాలి.

ఇంత పాట్లెందుకు, కొత్తది కొనొచ్చు కదా అని ఒక కొత్త క్యాసెట్ ప్లేయరు కూడా కొని చూశాను. ఇప్పుడు తయారయ్యేవాటిలో దాదాపు అన్నిట్లో ఒకే రకం చవక మెకానిజం ఉంటుంది. పాత జపాన్ డిజైనుకు నకలు, ఫ్లైవీలు బరువు తక్కువ. నిలకడ ఉండదు. మాట్లాడే క్యాసెట్లకు సరిపోవచ్చు, వీణ పెడితే మటుకు చెవి ఒప్పుకోదు. అందుకే మీ ఇంట్లో అటక మీద ఉంటే అదే దించండి అంటాను. లేనివాళ్లు ఎర్రగడ్డ ఆదివారం సంతలో చూడొచ్చు, కానీ మోగిస్తున్న సెట్టు కన్నా విప్పని సెట్టు మేలు. నాకు స్క్రూల దగ్గర్నుంచి టెస్ట్ క్యాసెట్ దాకా అంతా కలిపి రెండు వేల చిల్లర అయింది. రంగు, క్రోము జోలికి పోలేదు. ముందు పక్క నాయన అంటించిన ఎయిర్‌లైన్స్ స్టిక్కరు సగం చిరిగి ఉంది, అలాగే వదిలేశాను.

ఒక్క పని మాత్రం మిగిలింది. క్యాసెట్ తలుపు పైన ఉండే మూడంకెల కౌంటరు 047 దగ్గర ఆగిపోయింది. దానికి దారం లాంటి సన్న బెల్టు. సైజు దొరికింది, డ్రాయరులో ఉంది కూడా. కానీ అది వేయాలంటే మెకానిజం మళ్లీ మొత్తం బయటికి తీయాలి. వానలు పడి స్విచ్చి మరీ మొండికేస్తే ఎటూ విప్పుతాను కదా, అప్పుడు చూద్దాంలే.