విశాఖలో షుగర్ యాప్ ఏడాది ప్లాన్ తీసుకోబోయేవారికి జాగ్రత్త హెచ్చరిక

ఉచిత షుగర్ పరీక్షతో మొదలుపెట్టి ఏడాది చందాతో ముగించే మధుమేహ యాప్ ఒకదాన్ని నేను డబ్బు చెల్లించి వాడాను. బీచ్ రోడ్డులో ఉదయం నడకకు వచ్చేవారి దగ్గర, ఎంవీపీ కాలనీ రైతుబజారు పరిసరాల్లో ఆ సంస్థ ప్రతినిధులు ఇప్పటికీ బల్లలు వేసుకుని, ముఖ్యంగా అరవై దాటినవారిని చేర్చుకుంటున్నారు కాబట్టి, ఈ విషయాలు తోటి కొనుగోలుదారులకు తెలియాలని రాస్తున్నాను. నా ఫిర్యాదు ఇంకా పరిశీలనలో ఉన్నందున సంస్థ పేరు ఇక్కడ పెట్టడం లేదు. ఇదే పద్ధతిలో అమ్మేవి మరికొన్ని కూడా ఉన్నందువల్ల, పేరు కంటే పద్ధతిని గుర్తుపట్టడమే మీకు ఎక్కువగా ఉపయోగపడుతుంది.

డబ్బు సంగతి తరువాత చెబుతాను. ముందు ప్రాణానికి సంబంధించినది చెప్పాలి. నేను టైప్ 2 మధుమేహానికి మెట్‌ఫార్మిన్‌తో పాటు గ్లిమెపిరైడ్ వాడుతున్నాను. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవారికి షుగర్ ప్రమాదకరంగా పడిపోవడం అరుదు. గ్లిమెపిరైడ్ వంటి మాత్రలు గానీ ఇన్సులిన్ గానీ వాడేవారికి, భోజనం ఆలస్యమైన ప్రతిసారీ ఆ ముప్పు పొంచి ఉంటుంది. ఒక మధ్యాహ్నం అలాగే ఆలస్యమై, చెమటలు పట్టి చేతులు వణకడంతో, వాళ్లిచ్చిన మీటరుతోనే పరీక్షించుకుంటే 62 చూపించింది. 70 కంటే తగ్గితే వెంటనే 15 గ్రాముల చక్కెర గానీ గ్లూకోజు గానీ తీసుకుని, 15 నిమిషాలు ఆగి మళ్లీ పరీక్షించుకోవాలని మా డాక్టరు గారు ఎప్పుడో చెప్పి ఉన్నారు కనుక, మా ఆవిడ చక్కెర నీళ్లు కలిపి ఇచ్చింది. అదే సమయంలో యాప్ తెర మీద మాత్రం ఆ 62 పక్కన ఆకుపచ్చ గుర్తు, ఒక నక్షత్రం, లక్ష్యం లోపలే ఉన్నారన్న అభినందన కనిపించాయి. ఆ యాప్‌లో పై హద్దు దాటితేనే హెచ్చరిక వస్తుంది. కింది హద్దు అనేదే పెట్టలేదు. మరునాడు ఉదయం, యాప్ తరఫున సలహాలిచ్చే 'కోచ్' దగ్గరి నుంచి వచ్చిన సందేశంలో, నిన్నటి ఫలితం చాలా బాగుందనీ, ఇదే ఊపులో రాత్రి పూట అన్నం కూడా మానేసి చూడమనీ ఉంది. మాత్ర వేసుకుంటూ అన్నం మానేస్తే ఏమవుతుందో తెలియనివారు షుగర్ రోగులకు సలహా ఇవ్వడం ఎంత ప్రమాదమో వేరే చెప్పనక్కరలేదు. ఇంట్లో ఒంటరిగా ఉండే పెద్దవారు ఎవరైనా ఆ ఆకుపచ్చ గుర్తును నమ్మి నిద్రకు ఉపక్రమించి ఉంటే ఏమయ్యేదో నాకు ఊహించుకోవాలని లేదు.

ఆ కోచ్ అర్హత ఏమిటని రాతపూర్వకంగా అడిగాను. 'శిక్షణ పొందిన ఆరోగ్య మిత్రులు' అన్న జవాబు తప్ప డైటీషియనా, నర్సా, మరెవరైనానా అన్నది తేలలేదు. మన దేశంలో 2020 ఏప్రిల్ 1 నుంచి రోగ నిర్ధారణకు, చికిత్సకు ఉద్దేశించిన సాఫ్ట్‌వేర్ కూడా వైద్య పరికరాల నిర్వచనంలోకి వచ్చింది. మీ యాప్‌కు వైద్య పరికరంగా నమోదు ఉందా అని అడిగితే, తమది కేవలం వెల్‌నెస్ యాప్ అని చెప్పి తప్పుకున్నారు. బల్ల దగ్గర ఉన్నంతసేపూ మందులు మాన్పిస్తామన్న సంస్థే, నిబంధనల పత్రం చివరి పేజీలో ఇది వైద్య సలహా కాదని రాసుకుంది. డబ్బు కట్టేదాకా ఓడ మల్లన్న, కట్టాక బోడి మల్లన్న.

ఇక ఆ యాప్ గొప్పగా చూపించే 'అంచనా హెచ్‌బీఏ1సీ' గురించి. నాకు అది 6.4 అని చూపిస్తూ వచ్చింది. అదే వారంలో ల్యాబ్‌లో చేయించుకున్న పరీక్షలో 7.9 వచ్చింది. కారణం వెతికితే పెద్ద రహస్యమేమీ లేదు. హెచ్‌బీఏ1సీ దాదాపు రెండు మూడు నెలల్లో రాత్రీ పగలూ రక్తంలో ఉన్న గ్లూకోజు ప్రభావాన్ని చూపిస్తుంది, యాప్ మాత్రం మనం గుచ్చుకుని చూసుకున్న అంకెలకే సగటు కడుతుంది. నాలాగా ఎక్కువగా పరగడుపునే చూసుకునేవారికి, భోజనం తరువాత పెరిగే షుగర్ ఆ లెక్కలోకి రాదు. ఈ అంకెను చూపించే 'మీ షుగర్ వెనక్కి మళ్లింది' అని ప్రచారం చేసుకుంటున్నారు. మధుమేహం ఉపశమించిందని చెప్పడానికి 2021లో అంతర్జాతీయ నిపుణులు కుదుర్చుకున్న ప్రధాన కొలమానం, షుగర్ మందులన్నీ ఆపిన తరువాత కనీసం మూడు నెలలకు కూడా హెచ్‌బీఏ1సీ 6.5 శాతం కంటే తక్కువగా ఉండడం. రెండు మాత్రలు వేసుకుంటున్న నాకు యాప్ ఇచ్చిన ప్రశంసాపత్రానికి ఆ లెక్కన విలువ లేదు.

ఆహారం నమోదు చేసే భాగం మన ఇళ్లకు పనికివచ్చేది కాదు. ఉత్తరాంధ్రలో పొద్దున్నే చోడి (రాగి) అంబలి తాగే ఇళ్లు ఇంకా ఎన్నో ఉన్నాయి. వెతికితే దానికి బదులు చక్కెర కలిపిన డబ్బా రాగి మాల్ట్ వచ్చి, ఆ లెక్క ప్రకారం నన్ను మందలించింది. దిబ్బరొట్టె, ఉలవచారు లేనే లేవు. కినోవా, అవకాడో ఉన్నాయి. భాషను తెలుగుకు మార్చుకుంటే మెనూ మాత్రమే మారుతుంది, సలహాలు ఇంగ్లీషులోనే వస్తాయి.

ఇప్పుడు డబ్బు సంగతి. మొదటి నెల ఒక్క రూపాయికే అని చెప్పి, ఫోను తీసుకుని వాళ్లే యాప్ ఎక్కించి, ఆ రూపాయి కోసమని యూపీఐ పిన్ నొక్కించారు. అది నిజానికి మూడు నెలలకొక విడత చొప్పున ఏడాది పొడవునా మన ఖాతా నుంచి తీసుకునే ఆటోపే అనుమతి. రిజర్వ్ బ్యాంకు నిబంధనల ప్రకారం ఇలాంటి అనుమతి ఒకసారి ఇస్తే, సాధారణంగా రూ.15,000 వరకు ఉండే తరువాతి విడతలకు మళ్లీ పిన్ గానీ ఓటీపీ గానీ అడగనక్కరలేదు. అయితే సొమ్ము తీసుకోవడానికి కనీసం 24 గంటల ముందు మనకు సమాచారం రావాలి. ప్రచార సందేశాల గుంపులో ఆ సమాచారం మనలో చాలామంది కంట పడదు. యాప్‌ను ఫోను నుంచి తొలగిస్తే చందా ఆగిపోతుందన్నది అపోహ. యూపీఐ యాప్‌లోని ఆటోపే విభాగంలోకి వెళ్లి, ఆ అనుమతిని మనమే రద్దు చేయాలి.

మీటరు ఉచితమన్నారు గానీ, దానికి వాళ్ల స్ట్రిప్పులే సరిపోతాయి, ఆ స్ట్రిప్పులు మందుల దుకాణాల్లో దొరకవు, వేరే మీటరు రీడింగు యాప్‌లోకి ఎక్కదు. చందా ఆపగానే నా పాత రీడింగులన్నీ కనబడకుండా పోయి, వాటి స్థానంలో 'పునరుద్ధరించండి' అన్న బొత్తాం మిగిలింది. రామ్‌నగర్‌లో మా డాక్టరు గారు రికార్డు అడిగినప్పుడు మీటరులోనే తేదీలతో సహా నిలిచిన అంకెలు అక్కరకొచ్చాయి. చాలా మీటర్లకు ఈ సౌకర్యం ఉంటుంది, చూసుకోండి.

యాప్‌లన్నీ మోసమని నా అభిప్రాయం కాదు. మా అపార్ట్‌మెంట్‌లో టైప్ 1 ఉన్న ఒక బాబుకు చేతి మీద సెన్సర్ పెట్టారు. షుగర్ పడిపోతుంటే రాత్రి వేళ వాళ్ల అమ్మ ఫోను మోగుతుంది, అది వాళ్ల డాక్టరు చెప్పగా తీసుకున్నది. ఆ సెన్సర్ కూడా చర్మం కింది ద్రవంలో కొలుస్తుంది కనుక రక్తంలోని మార్పు కంటే కొన్ని నిమిషాలు వెనుకబడుతుందని వాళ్లకు ముందే చెప్పారట. అదే బల్ల మీద అమ్ముతున్న, సూది గుచ్చకుండా షుగర్ చెబుతుందన్న ఉంగరం మాత్రం ఎవరూ కొనవద్దు. అలాంటి వాచీలకు గానీ ఉంగరాలకు గానీ తాము అనుమతి ఇవ్వలేదని అమెరికా ఔషధ, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2024 ఫిబ్రవరిలో బహిరంగంగా హెచ్చరించింది.

ఇప్పటికే చేరినవారు యాప్ తొలగించే ముందే రీడింగులు, బిల్లు, కోచ్ సందేశాలు అన్నిటినీ స్క్రీన్‌షాట్ తీసి దాచుకోండి. ఆ తరువాత ఆటోపే రద్దు చేసి, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేయండి. చందా నుంచి బయటపడకుండా చిక్కుల్లో పెట్టడం 2023లో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం నిషిద్ధమని ఫిర్యాదులో తప్పక రాయించండి. నా విషయంలో ఆ మాట రాయించిన తరువాతే సంస్థ నుంచి మొదటి జవాబు వచ్చింది. మిగిలిన విడతలు ఆగాయి, కట్టిన సొమ్ము ఇంకా వెనక్కి రాలేదు.