ఒకే బానెట్ మీద నాలుగు మైనాలు

ఫిబ్రవరి రెండో ఆదివారం పొద్దున ఆరున్నరకు మా కారు బానెట్ మీద టేపు అతికించి నాలుగు గడులు చేశాను. ఎదురింటి ట్యాక్సీ అబ్బాయి కొండ బేరానికి బయల్దేరుతూ ఆగి, “ఏంది టీచరమ్మా, బండికి ముగ్గేస్తా ఉండారా?” అని అడిగాడు. ముగ్గు కాదు, పరీక్ష పెడుతున్నానని చెప్పాను. నేను హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెప్తాను. కారు రంగు మీద పూసే వ్యాక్స్, అంటే మైనం గురించి ఎవరిని అడిగినా తమ చేతిలో ఉన్నదే గొప్పదని చెప్తున్నారు. ఒకే పెయింట్ మీద, ఒకే ఎండలో, ఒకే నీళ్ళతో పక్కపక్కన పెట్టి చూస్తే తప్ప ఇది తేలదనిపించింది.

కారు 2013 మోడల్ స్విఫ్ట్, ముదురు నీలం. నాన్న రిటైరయ్యే ముందు కొన్నది, ఇప్పుడు నేను నడుపుతున్నాను. తిరుపతిలో తిరుచానూరు రోడ్డు వైపు ఉన్న మా ఇంటికి షెడ్డు లేదు. గేటు ముందే ఆపుతాం. మధ్యాహ్నం దాకా నేరుగా ఎండ, ఆ తర్వాత పక్కింటి మామిడిచెట్టు నీడ. ఆ నీడ కూడా ఊరికే రాదు. పూత కాలంలో తేనెమంచు పురుగు విసర్జించే జిగురు అద్దాల మీద, టాపు మీద చిన్న చిన్న చుక్కలుగా పడి, ఎండకు బిగుసుకుపోతుంది. పూత అయ్యాక సొన. ఏడాది పొడవునా కాకులు.

ఇదంతా మొదలుపెట్టడానికి కారణం వేరే ఉంది. అంతకుముందు దీపావళికి ఒక వాటర్ వాష్ సెంటర్‌లో ఆరు వందలు అదనంగా ఇచ్చి ‘వ్యాక్స్ పాలిష్’ చేయించాను. సాయంత్రం కారు అద్దంలా ఉంది. రెండోసారి కడిగేసరికి ఆ మెరుపు పోయింది. ఎండలో చూస్తే బానెట్ నిండా సాలెగూడు లాంటి గీతలు. టైర్లు తుడిచిన గుడ్డతోనే డోర్లు తుడవడం నా కళ్ళతో నేను చూశాను, అప్పుడు నోరు తెరిచి చెప్పలేకపోయాను. వాళ్ళు పూసింది గీతల్లో నూనెలాగా నిండి, వాటిని కొన్నాళ్ళు కనపడకుండా చేసే రకం. అది కడుక్కుపోగానే గీతలు బయటపడ్డాయి.

వ్యాక్స్ చేసే పని మెరిపించడం ఒక్కటే అనుకుంటాం. రంగు మీద ఉండే క్లియర్ కోట్ అనే పారదర్శక పొర మందం దాదాపు 40, 50 మైక్రాన్లు, అంటే తలవెంట్రుక కంటే సన్నం. కాకి రెట్ట, సొన, ఎండ, ఉప్పు నీళ్ళు అన్నీ దాన్నే తింటాయి. వ్యాక్స్ దాని మీద ఇంకా సన్నటి పొర. ముందు అది పోవాలి, కింద ఉన్నది మిగలాలి. అందుకే ఎంత మెరిసింది అన్నదానికంటే ఎన్నాళ్ళు నిలిచింది అన్నదే నేను ఎక్కువగా చూశాను.

ముందు పని గురించి క్లుప్తంగా చెప్తాను. షాంపూతో కడిగి, చేతికి పాలిథిన్ కవరు తొడుక్కుని బానెట్ మీద నిమిరితే ఇసుకలా గరగరమంది. ఉత్త చేతికి తెలియని గరుకు కవరు చేతికి తెలుస్తుంది. క్లే బార్ అనే, మురికిని లాగేసే బంకమట్టి లాంటి ముద్దతో, షాంపూ నీళ్ళు చల్లుకుంటూ, గాజులా నున్నగా అయ్యేదాకా రుద్దాను. దీనికి గంటన్నర పట్టింది. ఈ పని చేయకుండా ఏ వ్యాక్స్ పూసినా మట్టి మీద పూసినట్టే.

మొదటి గడిలో క్లీనర్ వ్యాక్స్. సీసాలో మజ్జిగలా చిక్కగా ఉంటుంది. ఇందులో సన్నటి రాపిడి పొడి కూడా ఉంటుంది కాబట్టి పాత మురికిని, పైపై గీతలను కొంచెం తీసేస్తుంది. ఆ రోజు పోటీ పెడితే గెలిచేది ఇదే. నాన్న కూడా వచ్చి చూసి వేలు ఇటే చూపించారు. కానీ మూడు వారాలు తిరిగేసరికి నీళ్ళు పోస్తే ఆ గడిలో పలచగా పరుచుకుని నిలబడ్డాయి. పైగా ప్రతిసారీ ఇదే రుద్దితే క్లియర్ కోట్ కూడా కొంచెం కొంచెం అరుగుతుంది. పాతబడి కళ తప్పిన కారుకు ఒక్కసారి వాడుకోవచ్చు. నెలనెలా వాడాల్సింది కాదు.

రెండో గడిలో కార్నూబా పేస్ట్. దీని మీద నాకు ప్రేమ ఎక్కువ, దాచుకోను. బ్రెజిల్ ఈశాన్య ప్రాంతంలో పెరిగే ఒక తాటి జాతి చెట్టు, ఎండకు ఆకులోని నీరు ఆవిరైపోకుండా తనకు తానే పూసుకునే మైనం ఇది. మన తాటాకులాగే విసనకర్ర ఆకులు. వాటిని కోసి, ఎండబెట్టి, దులిపితే పొడిగా రాలుతుంది. మనం వేసుకునే కొన్ని మాత్రల మీద, కొన్ని రంగు బిళ్ళల మీద ఉండే నిగనిగ కూడా ఇదే. సహజమైన మైనాల్లో ఇంత గట్టిది లేదు, 82 నుంచి 86 డిగ్రీల దగ్గర కానీ కరగదు. అలాంటి ముద్దను అలాగే కారుకు రుద్దలేం కదా. అందుకే నూనెలు, సాల్వెంట్లు, కొన్నిటిలో తేనెమైనం కలిపి మెత్తగా చేస్తారు. తేనెమైనం 62, 64 డిగ్రీలకే కరిగిపోతుంది. డబ్బా మీద ‘వంద శాతం కార్నూబా’ అని ఉంటే అందులో వేసిన కార్నూబా అసలుదని అర్థం, డబ్బా అంతా అదేనని కాదు.

స్పాంజి మీద వేలిగోరంత తీసుకుని, పూశామా లేదా అన్నంత పలచగా గుండ్రంగా రుద్దాలి. పది నిమిషాలకు మసక పొర కడుతుంది. వేలితో గీస్తే గీత శుభ్రంగా వచ్చిందంటే తుడవచ్చు. మైక్రోఫైబర్ గుడ్డతో తుడుస్తుంటే నీలం రంగు లోపలి నుంచి లేచి వచ్చింది. తడిసిన రంగులా, లోతుగా. మిగతా మూడు గడుల్లో దేనికీ ఇంత లోతు రాలేదు. అయితే మార్చి ఎండలకే నీటి ముత్యాలు చప్పబడ్డాయి. ఉగాది నాటికి ఎండ పడే వైపు ఏమీ మిగల్లేదు. ముదురు రంగు బానెట్ మన వేసవి మధ్యాహ్నం 70 డిగ్రీలు దాటడం మామూలే. ఆ వేడికి కలిపిన నూనెలు, మెత్తటి మైనాలు నిలవవు. చల్లటి ఊళ్ళలో రెండు మూడు నెలలు వస్తుందని చెప్పే మాటను మన తిరుపతికి సగం చేసుకోవాలి.

మూడో గడిలో సింథటిక్ సీలెంట్. చెట్టుకు, తేనెటీగకు సంబంధం లేని పాలిమర్. లోషన్‌లా పూసి, ఇరవై నిమిషాలు ఆగి తుడిచాను. రాత్రంతా తడి తగలకూడదని చెప్తారు కాబట్టి ఆ ఒక్క రాత్రి కారును పక్కవీధిలో చిన్నాన్న వాళ్ళ పోర్టికోలో పెట్టాను. మెరుపు గాజుపలకలా ఉంది, కార్నూబా లోతు లేదు. నాలుగిట్లో చూడగానే ఆకట్టుకోనిది ఇదే. కానీ ఏప్రిల్ పోయింది, మే పోయింది, జూలై చివర కూడా నీళ్ళు పోస్తే ఆ గడిలో నిలవకుండా ముద్దగా జారిపోతున్నాయి. మే నెలలో ఎండిపోయిన కాకి రెట్టను తడిగుడ్డ వేసి పది నిమిషాలు నానబెట్టి తీస్తే మచ్చ లేదు. పక్కనే వ్యాక్స్ పోయిన కార్నూబా గడిలో పడ్డ రెట్ట చేసిన మచ్చ ఇంకా ఉంది.

నాలుగో గడిలో సిరామిక్ స్ప్రే. డిటైలింగ్ స్టూడియోల్లో వేలకు వేలు తీసుకుని వేసే సిరామిక్ కోటింగ్‌కు, దీనికి చాలా తేడా ఉంది. ఇందులో అసలు సరుకైన సిలికా కొంచెమే ఉంటుంది. చల్లి, వెంటనే తుడిచి, ఇంకో పొడి గుడ్డతో మళ్ళీ తుడవాలి. ఇంత సులువైనది ఇంకోటి లేదు. అయితే బానెట్ వెచ్చగా ఉంటే తుడిచేలోపే ఆరిపోయి చారలు పడతాయి. మే నెలలో ఏడున్నరకే ఆ అవస్థ. నీటి ముత్యాలు మాత్రం దీని మీద లేచినంత గుండ్రంగా ఎక్కడా లేవలేదు. పిల్లలకు కాంటాక్ట్ కోణం, అంటే నీటి చుక్క అంచు కింది తలంతో చేసే కోణం చెప్పడానికి ఫొటో తీసి క్లాసులో చూపించాను.

తిరుపతిలో ఉండేవాళ్ళు ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. ఆ ముత్యాలే నాకు పెద్ద తలనొప్పి తెచ్చాయి. మాది బోరు నీళ్ళు. బకెట్టు అంచున తెల్లటి పొర, గీజర్ కాయిల్ మీద పెచ్చు, ఇవి మన ఊళ్ళో చాలా ఇళ్ళలో ఉన్నవే. తాగే నీటిలో కరిగిన లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉండాలంటారు, మా బోరు దాన్ని ఎప్పుడో దాటేసింది. అలాంటి నీళ్ళు ముత్యంలా నిలబడి ఆరిపోతే, అందులోని కాల్షియం అంతా ఒక్క చుక్కలో చేరి తెల్లటి ఉంగరంలా అతుక్కుంటుంది. పలచగా జారిపోయే నీటికి ఈ బాధ తక్కువ. ఏప్రిల్ చివరికి సిరామిక్ గడి మీద ఆ ఉంగరాలే ఎక్కువ. తెల్ల వెనిగర్‌ను సమానంగా నీళ్ళతో కలిపి గుడ్డ తడిపి అద్దితే చాలావరకు పోయాయి, వాటితోపాటు పూత కూడా కొంత పోయింది. వాన నీటికైతే ఆ గడి బ్రహ్మాండంగా ఉంది. బోరు నీటికి, ఎండకు ఆరిపోనిస్తే మాత్రం నాలుగిట్లో అదే ఎక్కువ మచ్చలు పట్టింది.

ఆర్వో మెషీన్ వదిలేసే నీళ్ళతో కార్లు కడిగేవాళ్ళు మా వీధిలో ముగ్గురున్నారు. నీళ్ళు వృథా కాకూడదన్న వాళ్ళ ఆలోచన నాకూ నచ్చుతుంది. కానీ వడపోతలో ఆపిన లవణాలన్నీ ఆ నీళ్ళలోనే ఉంటాయి. మొదట మట్టి పోవడానికి వాడుకోండి, చివర కడగడానికి వద్దు. దానికి ఏసీ పైపు నుంచి కారే నీళ్ళు పట్టుకోండి. గాలిలోని తేమ చల్లబడి కారిన నీళ్ళు కాబట్టి లవణాలు దాదాపు ఉండవు. వేసవిలో రెండు రాత్రులకు మాకు ఒక బకెట్టు నిండుతుంది. చివర మగ్గుతో పైనుంచి నెమ్మదిగా పోసి, మెత్తటి తువ్వాలుతో అద్దాలి. ఇది మొదలుపెట్టాక సిరామిక్ గడి మీద కొత్త ఉంగరాలు పడలేదు.

నాన్న సంగతి కూడా చెప్పాలి. ఆయనకు డెబ్భై నాలుగు. పదేళ్ళకు పైగా రోజూ పొద్దున పసుపు గుడ్డతో కారు పొడిగా తుడిచేవారు. కాఫీ కంటే ముందు అదే పని. నా బానెట్ మీద ఉన్న గీతల్లో కొన్ని వాటర్ వాష్ వాళ్ళవి, చాలావరకు ఆ పసుపు గుడ్డవి. దుమ్ము మీద పొడి గుడ్డ లాగితే ప్రతి ఇసుక రేణువూ ఒక గీత గీస్తుంది. ఈ మాట ఆయనకు చెప్పడానికి నాకు రెండు నెలలు పట్టింది. చెప్పినప్పుడు, “రోజూ తుడిస్తేనే కదమ్మా బండి బండిలా ఉండేది” అన్నారు. నేను వాదించలేదు. టార్చ్‌లైటు తెచ్చి బానెట్ మీద వాలుగా వేసి చూపించాను. చాలాసేపు చూసి, గుడ్డ మడిచి లోపల పెట్టేశారు. ఆ రోజు నాకు అన్నం సరిగ్గా దిగలేదు.

ఇక ఏది కొనాలి అని అడిగితే, ఎండలో నిలబడి బోరు నీళ్ళతో కడిగే కారుకు సీలెంట్. ఉగాదికి ముందొకసారి, నవంబర్ వానలకు ముందొకసారి. నేను కొన్న 473 మిల్లీలీటర్ల సీసా పదిహేను వందల దగ్గర పడింది, మా కారంతటికీ ఒకసారికి ముప్ఫై మిల్లీలీటర్లు మించి పట్టలేదు. షెడ్డు ఉండి, ఏసీ నీళ్ళో వాన నీళ్ళో దొరికితే సిరామిక్ స్ప్రే. మెగ్వయర్స్, టర్టిల్ వ్యాక్స్, 3ఎం ఇలా పేరున్నవి కార్ డెకార్ షాపుల్లో, ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. మెగ్వయర్స్ 1901లో ఫర్నిచర్ పాలిష్‌తో మొదలైన కంపెనీ, 2008 నుంచి 3ఎం చేతిలో ఉంది. పేరుకంటే అది ఏ రకమో సీసా వెనక చదివి కొనండి. ‘క్లీనర్’ అన్న మాట ఉందంటే అందులో రాపిడి పొడి ఉండే అవకాశం ఎక్కువ. ఏది పూసినా నల్ల ప్లాస్టిక్ భాగాలకు టేపు వేసుకోండి. అందులో పేస్ట్ ఎండితే టూత్‌బ్రష్‌తో గంట పని.

సీలెంట్ మిగిలితే చక్రాలకు పూయండి. నెలకొకసారైనా మేము కొండకు వెళ్తాం. 1944లో వేసిన మొదటి ఘాట్ రోడ్డే ఇప్పుడు దిగే దారి. ఆ మలుపుల్లో బ్రేకు తొక్కుతూ అలిపిరి చేరేసరికి ముందు చక్రాలు నల్లటి ఇనుప పొడితో నిండిపోతాయి. అంతకుముందు బ్రష్‌తో గీకినా పోయేది కాదు. పూసిన తర్వాత షాంపూ నీళ్ళకే వచ్చేస్తోంది. ఎదురింటి ట్యాక్సీ అబ్బాయి నా మాట విని పూసింది ఈ ఒక్కచోటే. వారానికి అయిదు ట్రిప్పులు కొట్టే బండికి కూడా నెలన్నర నిలిచిందని, “మేలే మేడమ్ ఇది” అని వచ్చి చెప్పాడు.

పోయినవారం ఆయుధపూజకు మాత్రం కార్నూబా డబ్బానే తీశాను. కొత్త బండిని కాణిపాకం తీసుకెళ్ళి పూజ చేయించిన రోజు బానెట్ మీద పెట్టిన పసుపు కుంకుమ ఎండిపోతే నాన్న గుడ్డతో గట్టిగా రుద్దారట. ఆ బొట్టు చోట గీతలు ఇప్పటికీ ఉన్నాయి. ఈసారి ముందురోజే పలచగా వ్యాక్స్ పూశాను, మరునాడు నీళ్ళు పోసి నానబెడితే బొట్టు దానంతట అదే జారిపోయింది. ఎండలో ఆ నీలం చూసి పక్కింటావిడ కారు మార్చారా అని అడిగింది.

ఇప్పుడు వానలకు ముందు కారంతా కడిగి సీలెంట్ వేయాలి. నిన్న సాయంత్రం నాన్న ఏసీ పైపు కింద బకెట్టు దగ్గర కూర్చుని, నీళ్ళలో పడ్డ మామిడాకు తీసేసి, “రేపటికి చాలవు, ఎల్లుండి కడుగుదాంలేమ్మా” అన్నారు.