జాగ్రత్త: ఆర్‌పీఎం మీటర్ అంకెను నమ్మి ప్రొపెల్లర్ ఆర్డర్ ఇవ్వకండి

మన తీరంలో వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, మొత్తం 61 రోజులు. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం, నిజాంపట్నం... ఎక్కడైనా బోట్లు ఒడ్డెక్కేదీ ప్రొపెల్లర్లు మారేదీ ఈ రోజుల్లోనే. బోటు ఓనర్లు డబ్బు పోగొట్టుకునేదీ ఇక్కడే. బోటు ఒడ్డు మీద ఉంటుంది కాబట్టి ఇంజన్ని లోడు మీద నడిపి చూసే వీలుండదు. "ఫుల్ త్రోటిల్ ఇస్తే ఆర్‌పీఎం (ఇంజన్ నిమిషానికి తిరిగే చుట్లు) మీటర్ ఎంత చూపించేది?" అని ప్రొపెల్లర్ షాపులో అడుగుతారు. బోటు నడిపే సరంగు తనకు గుర్తున్న అంకె చెబుతాడు. ఆ ఒక్క అంకె మీద పిచ్ (ప్రొపెల్లర్ జారకుండా తిరిగితే ఒక చుట్టుకు ముందుకు పోయే దూరం) పెంచాలా తగ్గించాలా అన్నది తేల్చేస్తారు. అసలు ఆ మీటర్ నిజం చెబుతోందా లేదా అని మాత్రం ఎవరూ అడగరు. షాఫ్ట్‌కు సరిపడా బోరు కోసి, కీవే (తాళం గాడి) వేశాక ఏ షాపూ ప్రొపెల్లర్ వెనక్కి తీసుకోదు. తేడా జూన్ 15న సముద్రంలో బయటపడుతుంది. అప్పటికి వేట మొదలైపోతుంది.

అందుకే చెబుతున్నాం, మీటర్ పరీక్ష నిషేధానికి ముందు, బోటు ఇంకా నీళ్లలో ఉండగానే అయిపోవాలి.

మీటర్ తప్పు చూపించాలంటే అది పాడవ్వాల్సిన పనేమీ లేదు. డీజిల్ బోట్లలో చాలావాటికి మీటర్ వైరు బ్యాటరీ ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్ మీది డబ్ల్యూ టెర్మినల్ నుంచి వస్తుంది. అంటే మీటర్ లెక్కపెట్టేది ఇంజన్ చుట్లను కాదు, ఆల్టర్నేటర్ పల్సులను. 12 పోల్స్ (అయస్కాంత ధ్రువాలు) ఉన్న ఆల్టర్నేటర్ ఒక చుట్టుకు 6 పల్సులు ఇస్తుంది. క్రాంక్ పుల్లీ 150 మి.మీ., ఆల్టర్నేటర్ పుల్లీ 75 మి.మీ. ఉంటే ఇంజన్ ఒక చుట్టు తిరిగేలోపు ఆల్టర్నేటర్ రెండు చుట్లు తిరుగుతుంది, మీటర్‌కు 12 పల్సులు అందుతాయి. మీటర్ ఆ లెక్కకే సెట్ అయి ఉంటుంది. ఎప్పుడో ఆల్టర్నేటర్ కాలిపోతే, లారీ సామాన్ల షాపులో దొరికింది తెచ్చి బిగిస్తారు. దాని పుల్లీ 70 మి.మీ. ఛార్జింగ్ బ్రహ్మాండంగా అవుతుంది, ఎవరికీ అనుమానం రాదు. కానీ ఆ రోజు నుంచి ఇంజన్ 2000 తిరిగితే మీటర్ 2140 చూపిస్తుంది.

ఇక నష్టం ఎలా మొదలవుతుందో చూడండి. ఇంజన్ రేటింగ్, అంటే ఫుల్ లోడు మీద తిరగాల్సిన ఆర్‌పీఎం, 2000 అనుకుందాం. మీటర్‌లో 2140 కనబడగానే "ఇంజన్ ఎక్కువ తిరిగేస్తోంది, ప్రొపెల్లర్ చాలట్లేదు" అని పిచ్ పెంచి కొత్తది వేస్తారు. ఇప్పుడు మీటర్ సరిగ్గా 2000 దగ్గర నిలబడుతుంది. అందరికీ తృప్తి. నిజంగా ఇంజన్ తిరిగేది 1870 లోపు. ఇంజన్ వేగాన్ని అదుపులో ఉంచే గవర్నర్ 2000 అందుకోవాలని డీజిల్ పూర్తిగా వదులుతూనే ఉంటుంది, ప్రొపెల్లర్ బరువు ఇంజన్ని పైకి రానివ్వదు. నల్లపొగ, వేడెక్కిన ఎగ్జాస్ట్, ఆ తర్వాత వాల్వులు, రింగులు, హెడ్ గాస్కెట్. వల లాగేటప్పుడు ఇంకా కిందకు కుంగుతుంది. ఇంజన్ విప్పినప్పుడు మెకానిక్ నాసిరకం డీజిల్‌నో ఆయిల్‌నో తప్పుపడతాడు. పుల్లీ సంగతి ఎవరి దృష్టికీ రాదు.

బెల్టు వదులైతే దీనికి తిరగబడుతుంది. బెల్టు జారినప్పుడు ఆల్టర్నేటర్ వెనకబడి మీటర్ తక్కువ చూపిస్తుంది. నిజం 2000, మీటర్‌లో 1880. "ప్రొపెల్లర్ బరువైపోయింది" అని పిచ్ తగ్గిస్తారు. ఇంజన్‌కు హాని లేదు గానీ బోటు స్పీడూ పోతుంది, వల లాగే సత్తువా పోతుంది.

పరీక్షకు కావాల్సింది చేతిలో పట్టుకునే ఫోటో టాకోమీటర్, తిరిగే పుల్లీ మీది మెరుపును లెక్కపెట్టి ఆర్‌పీఎం చెప్పే పరికరం. ప్రొపెల్లర్ ధరతో పోలిస్తే దాని ఖరీదు చాలా తక్కువ, రేవులో నలుగురు కలిసి ఒకటి కొనుక్కున్నా చాలు. ఇంజన్ ఆపి క్రాంక్ పుల్లీ ముఖాన్ని తుడవండి. ఇనుము మెరుస్తుంటే మెరుపులేని నల్ల పెయింటు పూయండి. లేకపోతే గీతలు, నూనె మెరుపు కూడా లెక్కలోకి వచ్చి రీడింగ్ ఎగిరిపోతుంది. ఆరాక టాకోమీటర్‌తో వచ్చిన మెరిసే టేపు సెంటీమీటరు ముక్క ఒక్కటే అంటించండి. రెండు అంటిస్తే రెట్టింపు చూపిస్తుంది. వర్క్‌షాపులో కరెంటు ట్యూబ్‌లైటు కింద చూసేటప్పుడు ఒక మోసం ఉంది. మన కరెంటు 50 హెర్ట్జ్, లైటు సెకనుకు వందసార్లు మిణుకుతుంది, అంటే నిమిషానికి 6000. డీజిల్ ఇంజన్ మీద 6000 కనబడిందంటే మీరు చదువుతున్నది లైటునే. అది ఆర్పి టార్చి పెట్టుకోండి. తిరిగే బెల్టు పక్కన వంగేటప్పుడు తువ్వాలు భుజాన ఉండకూడదు, లుంగీ కట్టుకుని ఇంజన్ రూములోకి దిగకూడదు.

ఒక్క అంకె దగ్గర సరిపోయిందని వదిలేయకండి. ముల్లు మీటర్లు 1000 దగ్గర సరిగ్గా చూపించి పైకెళ్లేకొద్దీ తప్పుతాయి. ఐడిల్, 1000, 1500, ఫుల్, నాలుగు చోట్లా ఒకరు మీటర్ చదవాలి, ఒకరు పుల్లీ దగ్గర చదవాలి, రెండూ రాసుకోవాలి. మీటర్ వెనక సర్దుబాటు స్క్రూ గానీ స్విచ్‌లు గానీ ఉంటే ఫోటో టాకోమీటర్ అంకెకు తెచ్చి పెట్టండి. పుల్లీల బయటి కొలతలు లెక్కగట్టి సెట్ చేయాలని చూడకండి, బెల్టు కూర్చునే వ్యాసం వేరు. సర్దుబాటు లేని మీటరైతే అసలు అంకెలు కాగితం మీద రాసి స్టీరింగ్ దగ్గర అంటించండి.

ఇంకో పని న్యూట్రల్‌లోనే చేయొచ్చు. లోడు లేకుండా ఫుల్ త్రోటిల్ ఇస్తే గవర్నర్ ఇంజన్ని రేటింగ్ కంటే కొంచెం పైకి పోనిస్తుంది. ఆ అంకె ఇంజన్ పుస్తకంలో ఉంటుంది. కొన్ని క్షణాలు చాలు. నిజమైన ఆర్‌పీఎం అక్కడికి చేరకపోతే త్రోటిల్ కేబుల్ చివరిదాకా రావట్లేదు, లేదా డీజిల్ పంపు మీది స్టాప్ సర్దుబాటులో లేదు. ఆ తప్పుకు ప్రొపెల్లర్ మందు కాదు.

తర్వాత సముద్రంలోకి. లోతు నీళ్లు కావాలి, రేవు ముఖద్వారంలో తక్కువ లోతులో బోటు కుంగి ఇంజన్ తక్కువ తిరుగుతుంది. అడుగున గుల్లలు పట్టి ఉంటే ఆ రీడింగ్ పనికిరాదు. ఐసు, డీజిల్ మామూలుగా వేటకు వెళ్లేటంత ఉండాలి. ఇంజన్ వేడెక్కాక రెండు మూడు నిమిషాలు ఫుల్ ఇచ్చి క్రాంక్ పుల్లీ ఆర్‌పీఎం తీసుకోండి, వెంటనే షాఫ్ట్ కప్లింగ్ మీద కూడా తీసుకోండి. క్రాంక్ 1980, షాఫ్ట్ 660 వస్తే గేర్‌బాక్స్ 3:1. ప్లేటు చెరిగిపోయిన గేర్‌బాక్స్‌కు కూడా నిష్పత్తి ఇలా దొరికిపోతుంది. సగం త్రోటిల్‌లో 3 వచ్చి ఫుల్‌లో 3.1 దాటితే క్లచ్ జారుతోందన్నమాట. ముందు దాన్ని బాగు చేయించండి.

పక్కనే జీపీఎస్ స్పీడు రాసుకుంటే ఇంకో తనిఖీ చేయొచ్చు. షాఫ్ట్ ఆర్‌పీఎంను అంగుళాల్లో ఉన్న పిచ్‌తో గుణించి 1215తో భాగిస్తే ప్రొపెల్లర్ జారకుండా పోయినప్పటి వేగం నాట్లలో వస్తుంది. 660, 22 అంగుళాలైతే దాదాపు 12 నాట్లు. బోటు 8 వెళ్తుంటే మూడో వంతు స్లిప్ (నీళ్లలో జారి పోయిన వేగం), బరువైన బోటుకు ఇది మామూలే. అదే బరువైన బోటుకు 5 శాతమో, అంతకంటే తక్కువో వస్తే ఆర్‌పీఎం, గేర్, పిచ్‌లలో ఏదో ఒక అంకె అబద్ధం. చాలాసార్లు అది పిచ్చే. రిపేరుకు వెళ్లొచ్చిన ప్రొపెల్లర్ మీద చెక్కి ఉన్న పిచ్ ఇప్పుడు ఉండాలని లేదు.

ఔట్‌బోర్డ్ ఇంజన్ ఉన్న ఫైబర్ బోట్లకు మీటర్ ఉంటే దాని వెనక పోల్స్ స్విచ్ చూడండి. 12 పోల్స్ ఇంజన్‌కు స్విచ్ 10 మీద ఉంటే 5000 తిరిగినా 6000 చూపిస్తుంది. పుస్తకంలో 5000-6000 అని ఉన్న ఇంజన్ అప్పటికే కింది అంచున ఉంది. మీటర్‌ను నమ్మి రెండు అంగుళాల పిచ్ పెంచితే, అంగుళానికి 150-200 చొప్పున, 4600-4700కు పడిపోతుంది. పిస్టన్లు కాలేది ఇలాగే. స్విచ్ సరైన చోటే ఉన్నా ఉప్పుగాలికి లోపలి కాంటాక్టులు చిలుము పడతాయి, బ్యాటరీ తీసేసి నాలుగైదుసార్లు అటూ ఇటూ తిప్పి మళ్లీ అదే అంకె మీద పెట్టండి. ఈసీయూ (ఇంజన్ కంప్యూటర్) నుంచి నేరుగా చదివే డిజిటల్ మీటర్లకు ఈ బెడద లేదు. ఆర్‌పీఎం ఎగిరి స్పీడు రాకపోతే ప్రొపెల్లర్ హబ్ లోపలి రబ్బరు బుష్ జారుతోందేమో చూడాలి. ప్రొపెల్లర్ వెనక లోపలి గొట్టం మీదుగా బయటి హబ్ దాకా ఒకే గీత పెయింటుతో గీసి, ఒకసారి ఫుల్‌లో నడిపి రండి. గీత రెండు ముక్కలై పక్కకు జరిగితే పోయింది బుష్షే.

షాపుకు వెళ్లేటప్పుడు ఈ పరీక్షల అంకెలు రాసిన కాగితం తీసుకెళ్లండి. దాని మీద క్రాంక్, షాఫ్ట్ ఆర్‌పీఎంలు, గేర్ నిష్పత్తి, జీపీఎస్ స్పీడు, ఉన్న ప్రొపెల్లర్ వ్యాసం, పిచ్, రెక్కలు, కుడి తిరుగుడో ఎడమ తిరుగుడో అన్నీ ఉండాలి. పిచ్ ప్రతి రెక్క మీదా విడిగా కొలిపించి బిల్లు మీద రాయించండి. ఇవేమీ అడగకుండా "మీటర్ ఎంత చూపిస్తోంది?" అని మాత్రమే అడిగి ధర చెప్పే చోట అడ్వాన్స్ ఇవ్వకండి.