అమెజాన్ ఎంఎస్‌కే మెయింటెనెన్స్: సోలార్ డేటా వాళ్లకు పనికొస్తుందా?

ఎంఎస్‌కే అంటే డేటా ప్రవాహాన్ని మోసే కాఫ్కా సాఫ్ట్‌వేర్‌ను అమెజాన్ మనకోసం నడిపే సర్వీసు. ఓర్వకల్లు దగ్గరి 1000 మెగావాట్ల సోలార్ పార్కు లాంటి చోట ఇన్వర్టర్ల రీడింగులు పగలంతా పోటెత్తుతాయి, పొద్దుగూకితే పలచబడతాయి. కాబట్టి మెయింటెనెన్స్ రాత్రి పడితే చాలనిపిస్తుంది. ఎంఎస్‌కేలో స్టాండర్డ్ రకం బ్రోకర్లు (కాఫ్కా సర్వర్లు) తీసుకుంటే మాత్రం ఆ టైము మన చేతిలో ఉండదు, పట్టపగలు పడినా తట్టుకునేలా క్లస్టర్‌ను (ఆ సర్వర్ల గుంపును) కట్టుకోవాలి.

ప్యాచింగ్ (సాఫ్ట్‌వేర్ సవరణలు ఎక్కించే) పద్ధతి బాగుంది. హెల్త్ డ్యాష్‌బోర్డులో ముందే నోటీసు వస్తుంది. బ్రోకర్లను ఒక్కొక్కటిగా రీబూట్ చేస్తారు, ఆ కాసేపు దాని లీడర్ పార్టిషన్లు (రాతలు ముందుగా అందుకునే డేటా భాగాలు) మిగతావాటికి మారతాయి. డేటా రాకపోకలు ఆగవు. ఆ సమయంలో క్లస్టర్ సెట్టింగులు మార్చడం మాత్రం కుదరదు.

ఆగితే తప్పు దాదాపుగా మన టాపిక్ (ఒక రకం డేటా వరుస) సెట్టింగుల్లోనే ఉంటుంది. రెప్లికేషన్ ఫ్యాక్టర్ (డేటా కాపీల సంఖ్య) 1 ఉన్న టాపిక్, దాని బ్రోకర్ రీబూట్ అయినంతసేపూ మూగబోతుంది. ఫ్యాక్టర్ 3 పెట్టి, మిన్ ఇన్‌సింక్ రెప్లికాస్ (రాత ఒప్పుకోవడానికి తాజాగా ఉండాల్సిన కనీస కాపీలు) కూడా 3 పెట్టేవాళ్లున్నారు. భద్రత పెరుగుతుందని వాళ్ల ఆలోచన. ఒక్క బ్రోకర్ పక్కకెళ్లగానే యాక్స్ ఆల్‌తో (తాజా కాపీలన్నిటికీ అందాకే రాత పూర్తయినట్టు లెక్కించే సెట్టింగు) రాసే ప్రొడ్యూసర్లన్నిటికీ (డేటా పంపే ప్రోగ్రాములకు) నాట్ ఎనఫ్ రెప్లికాస్ ఎర్రర్ వస్తుంది. 3కి 2 సరైన జోడీ.

సీపీయూ 60 శాతం దాటనివ్వొద్దని అమెజాన్ చెప్పేదీ ఇందుకే. మూడు బ్రోకర్లు 60 చొప్పున నడుస్తుంటే, ఒకటి తప్పుకోగానే మిగతా రెండూ 90కి చేరతాయి. ఎం5 లార్జ్ సైజు బ్రోకర్‌కు రెప్లికాలతో కలిపి 1000 పార్టిషన్లు మించకపోవడం మంచిది. ఖర్చు తగ్గుతుందని చిన్న సైజు తీసుకుని అందులో కుక్కేవాళ్లకు ఈ సర్వీసు నచ్చదు, నచ్చకపోవడమే న్యాయం.

క్లయింట్ వైపు, బూట్‌స్ట్రాప్ చిరునామాల్లో (మొదట కనెక్టయ్యేందుకు ఇచ్చేవి) ప్రతి జోన్ (అమెజాన్ డేటా సెంటర్ల విభాగం) నుంచి కనీసం ఒక బ్రోకర్ ఉండాలి. డెలివరీ టైమవుట్ (మెసేజీ చేర్చడానికి ప్రయత్నించే గడువు) డిఫాల్టుగా 2 నిమిషాలు. దాన్ని పది సెకన్లకు కుదిస్తే, లీడర్ మారేలోపే కొన్ని రీడింగులు రాలిపోవచ్చు. నోటీసు వచ్చేదాకా ఆగకుండా కన్సోల్‌లో రీబూట్ బ్రోకర్ నొక్కి, మధ్యాహ్నం లోడులోనే పరీక్షించండి. అండర్ రెప్లికేటెడ్ (కాపీలు తక్కువపడ్డ) పార్టిషన్ల సంఖ్య మళ్లీ సున్నాకు వచ్చాకే రెండో బ్రోకర్ జోలికి వెళ్లాలి.

టైము మన చేతిలోనే ఉండాలంటే కాఫ్కాను నడిపిపెట్టే మరో కంపెనీ ఐవెన్‌లో వారంలో ఏ రోజో, ఏ గంటో ఎంచుకోవచ్చు. అక్కడ గడియారం యూటీసీ (మన టైముకు ఐదున్నర గంటలు వెనక): మన ఆదివారం తెల్లవారుజామున 2 గంటలంటే శనివారం 20:30 అని పెట్టాలి. ఆదివారం అని పెడితే సోమవారం తెల్లవారుజామున పడుతుంది.

మెయింటెనెన్స్ విండో (ఈ పనులకు కేటాయించే టైము) గొడవే వద్దనుకుంటే ఎంఎస్‌కేలోనే ఎక్స్‌ప్రెస్ అనే మరో రకం బ్రోకర్లు ఉన్నాయి.