మ్యాజిక్ సంఖ్యల పూసల బోర్డు: కొనొచ్చు, కానీ ఒక గీత చెరపాలి

నల్లగొండలో ల్యాబ్ సామాన్లమ్మే కొట్టులో దొరుకుతున్న ఈ కిట్, బీఎస్సీ విద్యార్థులకు కేంద్రకంలోని మ్యాజిక్ సంఖ్యలను చేతితో పట్టుకుని చూపించడానికి తయారైంది. ప్రోటాన్లో న్యూట్రాన్లో 2, 8, 20, 28, 50, 82, 126 ఉంటే కేంద్రకం మరీ గట్టిగా ఉంటుంది, వాటినే మ్యాజిక్ సంఖ్యలంటారు. ప్లైవుడ్ పలక, ప్రోటాన్లకు ఒక నిలువు వరుస, న్యూట్రాన్లకు ఇంకొకటి, 100 ఎర్ర పూసలు, 100 నీలి పూసలు, ఒక చిన్న పుస్తకం. ధర 650 రూపాయలు. అన్నింటికన్నా ముఖ్యమైన, పూసలు పెట్టే గుంటల లెక్కలో మాత్రం ఎక్కడా తప్పు పోలేదు.

పూసలు కిందినుంచి నింపుకుంటూ రావాలి. అట్టడుగున 2, దానిపైన 4, ఆపైన 2. మొత్తం 8. రెండు వరుసల్లోనూ 8 నిండితే ఆక్సిజన్-16. తొమ్మిదో నీలి పూస పెట్టాలంటే పెద్ద ఖాళీ దాటి పైకి ఎక్కాల్సిందే. ఆక్సిజన్-16 నుంచి ఒక న్యూట్రాన్ పీకడానికి సుమారు 15.7 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి కావాలి. ఆక్సిజన్-17లోని ఆ తొమ్మిదోదానికి 4.1 చాలు. మ్యాజిక్ అంటే ఇదే. బోర్డు మీద ఇది చూసినవాళ్లు మళ్లీ మరచిపోరు.

చిక్కంతా 50 దగ్గర. స్పిన్-కక్ష్య ప్రభావం (కణం స్పిన్‌కీ, దాని కక్ష్య చలనానికీ ఉన్న లంకె) లెక్కలోకి తీసుకోకపోతే 20 తర్వాత 40, 70, 112 వస్తాయి. 1949లో మరియా గోపర్ట్ మేయర్, హాన్స్ యెన్సెన్ ఎవరికివారుగా ఆ ప్రభావాన్ని చేర్చాకే 28, 50, 82, 126 కుదిరాయి. 10 గుంటలుండే 1జీ-9/2 అనే అర పై కర్పరం (అరల గుంపు) నుంచి కిందికి దిగుతుంది కాబట్టి 40కి 10 కలిసి 50 అవుతుంది. ఈ బోర్డులో కర్పరం నిండిందని చూపే ఎర్రగీత ఆ అర కిందే గీశారు. అంటే 40 దగ్గరే ఆపేశారు. తగరానికి ప్రోటాన్లు 50, స్థిర ఐసోటోపులు (న్యూట్రాన్ల సంఖ్యలో మాత్రమే తేడా ఉన్న రకాలు) 10. ఏ మూలకానికీ అన్ని లేవు. గీత అలాగే ఉంటే అది ఎందుకో పిల్లలకు అర్థం కాదు. గుడ్డకు థిన్నర్ అద్ది చెరిపి, 1జీ-9/2కి పైన మళ్లీ గీయండి.

ఇక పూసలు. సీసం-208కి ఎర్రవి 82, నీలివి 126 కావాలి. ఎర్రవి 18 మిగిలిపోతాయి, నీలివి 26 తక్కువ పడతాయి. ఇది చిన్న లోపం కాదు. మన గ్రానైట్‌లో ఉండే థోరియం చివరికి మారేది సీసం-208గానే. లంబాపూర్, పెద్దగట్టు నిక్షేపాల్లోని యురేనియం-238 ఆగేది సీసం-206 దగ్గర. రెండింటిలోనూ ప్రోటాన్లు 82. మన జిల్లా రాళ్ల కథే ఈ బోర్డు మీద పూర్తికాదు.

పుస్తకంలో పెద్ద తప్పు పోలికలో ఉంది. 119 సీట్ల అసెంబ్లీలో మ్యాజిక్ ఫిగర్ 60 లాంటిదే ఇదీ అన్నారు. కానే కాదు. అక్కడ 61 వస్తే బలం ఇంకా పెరుగుతుంది. ఇక్కడ 51వది వదులుగా వేలాడుతుంది. బతుకమ్మ పేర్చేవాళ్లను అడగండి: తంగేడు వరుస చుట్టూ తిరిగి కలిసిందంటే గట్టిగా నిలుస్తుంది, పై వరుసలో ఒంటరిగా పెట్టిన మొదటి పువ్వు వేలు తగిలినా జారుతుంది. 2, 10, 18, 36 అనే జడవాయువుల సంఖ్యలనూ ఇందులోనే కలిపేశారు. అవి ఎలక్ట్రాన్లవి, ఆ పేజీ చదివించకండి.

డిగ్రీ ల్యాబ్‌కైతే తీసుకోవచ్చు. అదే సైజు నీలి పూసలు 26 విడిగా కొనండి, బోర్డు గుంటల సైజు చూసి మరీ.